పనివాని పనిని ఎవరి మాటలలో రాయాలి?

"జాబ్ అనాలిసిస్" అనే దానికి తెలుగేమిటో ముందుగా తేల్చుకొందాం. పాఠ్యపుస్తకాలలో "ఉద్యోగ విశ్లేషణ" అని కనిపిస్తుంది. ఉద్యోగమనగానే మనకు కుర్చీ, బల్ల, నెలజీతం స్ఫురిస్తాయి. కొలిమి ముందో యంత్రం ముందో నిలబడిన మనిషి తాను ఉద్యోగానికి పోతున్నానని సాధారణంగా అనడు, పనిలోకి పోతున్నానంటాడు. కనుక నేను "పని విశ్లేషణ" అనే వాడుతున్నాను. ఇంతకంటె మేలైన మాట తోచిన మిత్రులు చెప్పగలరు, సంతోషంగా స్వీకరిస్తాను.

తెలుగు పండితునికి కర్మాగారాల గొడవ ఎందుకని మీరడగవచ్చు. నా పూర్వ విద్యార్థి ఒకడు గుంటూరు ప్రాంతంలో ఒక నూలు మిల్లులో సిబ్బంది వ్యవహారాలు చూస్తున్నాడు. అతడొకనాడు ఇంగ్లీషు ప్రశ్నావళి ఒకటి తెచ్చి, "మాస్టారూ, దీన్ని కాస్త తెలుగు చేసి పెట్టండి. రింగు ఫ్రేముల దగ్గర పనిచేసేవాళ్లచేత నింపించాలి" అన్నాడు. దీనితో ఏమి చేస్తారు నాయనా అంటే, "ఎవరిని ఏ గ్రేడులో పెట్టాలో, ఒక్కొక్కరికి ఎన్ని ఫ్రేములు అప్పగించాలో దీన్నిబట్టే తేలుస్తారండి" అన్నాడు.

నాకు అక్కడే ఆశ్చర్యం కలిగింది. గ్రేడు ఒక ప్రశ్న, పనిభారం మరొక ప్రశ్న. మొదటిది ఈ పనికి ఎంత నేర్పు కావాలని అడుగుతుంది, రెండవది ఈ పనికి ఎంత సమయం, ఎంత ఒళ్ళు కావాలని అడుగుతుంది. రెండింటికీ ఒకే తూనిక ఎట్లా సరిపోతుంది? కూలి నిర్ణయించే ప్రభుత్వ ప్రకటనలలో నైపుణ్యం లేని పని, అర్ధనైపుణ్యం గల పని, నైపుణ్యం గల పని అని వర్గాలుంటాయి. ఏ వర్గంలో పేరు పడుతుందనే దానిమీద ఒక ఇంటి బియ్యం, పిల్లల చదువు ఆధారపడి ఉంటాయి. కాబట్టి పద్ధతిని ఎన్నుకోవడం కేవలం అధికారుల సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు.

ఈ విద్యకు గడియారంతో కొలిచే పద్ధతి పాతది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 1899 ప్రాంతంలో బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో ఇనుపదిమ్మెలు మోసే కూలీలమీద దానిని ప్రయోగించాడు. రోజుకు పన్నెండున్నర టన్నులు మోసే మనిషి చేత నలభైఏడున్నర టన్నులు మోయించానని 1911లో అచ్చయిన తన గ్రంథంలో రాసుకొన్నాడు. దినకూలి మాత్రం 1 డాలరు 15 సెంట్ల నుంచి 1 డాలరు 85 సెంట్లకు పెరిగింది. ఆ కథలో వాస్తవమెంత, కల్పన ఎంత అని 1974లో పరిశోధకులు గట్టిగానే ప్రశ్నించారు. నన్ను బాధించినది అంకెలు కాదు. ఆ పని చేయదగినవాడు బుద్ధిలో ఎద్దును పోలి ఉంటాడని ఆయన సంకోచం లేకుండా రాశాడు. పనివానిని అడగవలసిన అవసరమే లేదనుకొన్నవానికి ఆ ఉపమానం సహజంగానే తోస్తుంది. అదే 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోతపనివారు గడియారం పట్టుకొని పక్కన నిలబడిన మనిషిని చూసి పని మానివేసి బయటకు వచ్చారు. అమెరికా ప్రతినిధుల సభ విచారణ జరిపింది. 1915లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలలో ఆ గడియారం వాడకానికి డబ్బు ఖర్చు పెట్టరాదని చట్టం వచ్చింది.

గడియారం పూర్తిగా పనికిరాదని నేననను. ఒక మనిషి ఎన్ని ఫ్రేములు చూడగలడనే ప్రశ్నకు కాలాన్ని కొలవక తప్పదు. అయితే చేయి కదిలితేనే గడియారానికి అది పని. చేయి కదలని క్షణంలో మనిషి ఏమి కనిపెడుతున్నాడో దానికి తెలియదు.

ప్రశ్నావళుల సంగతి వేరు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మెకార్మిక్, ఆయన సహచరులు 1972లో ప్రకటించిన ప్రశ్నావళిలో 194 అంశాలున్నాయి. ఏ పనినైనా, వంటవాని పనినైనా విమానచోదకుని పనినైనా, ఒకే కొలమానం మీద పోల్చవచ్చునన్నది దాని బలం. వేరువేరు పనులకు న్యాయంగా గ్రేడులు ఇవ్వాలంటే పోలిక కావాలి కదా. కాని దాని భాష కళాశాల చదువు చదివినవారి భాష. శిక్షణ పొందిన విశ్లేషకుడు పనివానిని చూసి, అడిగి, తాను నింపవలసిన పత్రమది. నా శిష్యుడు తెచ్చినది దానికి దూరపు చుట్టం వంటిది. "సమీప దృష్టి వివేచన మీ పనిలో ఎంత ప్రధానం?" అనే ధోరణి. దానిని "దగ్గరి వస్తువులలో తేడా కనిపెట్టడం" అని మార్చగలను, మార్చాను కూడా. కాని తెలుగు ఎంత తేలికైనా ఆ ప్రశ్నకు ఒకటి నుంచి అయిదు వరకు ఏదో ఒక అంకె దిద్ది ఊరుకోవడమే తప్ప, మనిషి తన పని చెప్పడు.

అందుకని ఆ ఫ్రేముల దగ్గర పనిచేసే ఒకామెతో మిల్లు బయట టీకొట్టు దగ్గర మాట్లాడాను. ఆ పని చేసేవారిని అక్కడ సైడర్లంటారు. వందలకొద్దీ కదుళ్ల వరుసల నడుమ తిరుగుతూ తెగిన పోగును అతకడం వారి పని అని కాగితంలో ఉంది. ఆమె అన్నది ఇది: "అతకటం నెలరోజులు నేర్పితే ఎవరికైనా వచ్చిద్దండి. ఏ పక్క ముందు తెగుద్దో చూసుకోవటం ఉంది చూశారా, అదీ పని." ఎండలు ముదిరి గాలిలో తేమ తగ్గితే తెగుళ్లు పెరుగుతాయట. రోలరుకు దూది చుట్టుకోవడం మొదలైతే పక్క పోగులకూ చేటట. పోగు దూరే చిన్న లోహపు కొక్కెం, దానిని ట్రావెలర్ అంటారు, అరిగితే ఆ కదురు దగ్గరే మళ్ళీ మళ్ళీ తెగుతుందట. అది గుర్తుపెట్టుకొని జాబరుకు చెప్పాలి. ప్రశ్నావళిలో ఈ మాటలకు చోటే లేదు. "అతుకు వేయుట" అని ఒక్క పంక్తి ఉంది. ఆ ఒక్క పంక్తిని చూసి గ్రేడు ఇస్తే అర్ధనైపుణ్యం కూడా ఎక్కువే అనిపిస్తుంది.

ఇటువంటి మాటలు రాబట్టడానికి జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్త్వవేత్త 1954లో వివరించిన సంఘటనల పద్ధతి నాకు నచ్చింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానదళం వారి కోసం చేసిన కృషిలో నుంచి పుట్టిందది. "మీ పని ఎటువంటిది?" అని అడగరు. పని బాగా జరిగిన ఒక సందర్భం, చెడిన ఒక సందర్భం చెప్పమంటారు: అప్పుడేమి జరిగింది, ఎవరేమి చేశారు, ఫలితమేమిటి అని. భద్రత విషయంలో దీనికి సాటి లేదని నా ఉద్దేశం. రోజూ జరిగే సాదా పని ఇందులో జారిపోతుంది, అది దీని లోపం.

వ్యాకరణం చదువుకొన్నవానిగా నన్ను ఎక్కువ ఆకర్షించినది సిడ్నీ ఫైన్ పద్ధతి. పనులన్నీ సమాచారంతోనో, మనుషులతోనో, వస్తువులతోనో వ్యవహరించడమే అంటాడాయన. ప్రతి పనినీ ఒక పూర్ణవాక్యంగా రాయమంటాడు: ఎవరు, ఏ క్రియ, దేనిమీద, ఏ సాధనంతో, ఎవరి ఆదేశం మేరకు, ఏ ఫలితం కోసం. ఇవి మన కారకాలే కదా! కర్త, కర్మ, కరణం. "అతుకు వేయుట" అన్నప్పుడు కర్త లోపించింది, కరణం లోపించింది, ఎందుకోసమో లేదు. వాక్యం పూర్తిచేయబోతే ఆ సైడరు చెప్పిన వివేకమంతా దానంతటదే లోపలికి వచ్చి తీరుతుంది.

ఇది మనకు కొత్త విద్య కూడా కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి నేతృత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మీలో చాలామంది ఎరుగుదురు. వ్యవసాయ సంపుటం 1962లోను, చేనేత సంపుటం 1971లోను వచ్చాయి. పల్లెపల్లెకు పోయి, పని చేసేవారినే అడిగి, వారి నోటి మాటనే రాసుకొన్నారు. ఆ సంపుటాలు నిఘంటువులనే పేరుతో అల్మారాలలో ఉన్నాయిగాని, నా దృష్టిలో అవి పని విశ్లేషణ గ్రంథాలు కూడా. నేతగాడు ఒక దశకు ప్రత్యేకంగా పేరు పెట్టాడంటే అక్కడ ఒక నేర్పు ఉన్నదన్నమాట.

కనుక నా శిష్యునికి చెప్పినది ఇది. ముందు ఒక షిఫ్టు పాటు చూడండి, ఆ తరువాత మాట్లాడండి, సంఘటనలు అడగండి, వాక్యాలు రాయండి. గ్రేడుల పోలికకు ప్రశ్నావళి కావాలంటే ఆ వాక్యాలు చేత పట్టుకొని మీరే నింపండి, వారిచేత నింపించకండి. ఫ్రేముల లెక్కకు గడియారం వాడండి, కాని ముందుగా చెప్పి, వేసవిలోనూ వానకాలంలోనూ వాడండి. దీనికి నాలుగు రోజులకు బదులు నాలుగు వారాలు పడుతుందని అతని బెంగ. పట్టనివ్వండి, ఆ గ్రేడుతో మనుషులు ఏళ్ల తరబడి బతకాలి. మాట్లాడే సమయానికి కూలి ఇవ్వాలి, అది విశ్రాంతివేళలో నుంచి కోయరాదు. రాసిన వాక్యాలను పని చేసేవారికి చదివి వినిపించి, ఇది మా పనే అని వారన్న తరువాతనే అధికారి సంతకం పెట్టాలి. ఈనాడు మన మిల్లులలో ఒడియా, హిందీ మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. వారికి వారి భాషలోనే చదివి వినిపించాలి, తెలుగులో కాదు.