హాస్యరచయితల ప్రణాళిక

తెలుగునేలయందును, జీవనార్థమై ఆ నేలను వీడి చెన్నపట్టణము మొదలు డల్లాసు వరకు స్థిరపడిన తెలుగువారి యిండ్లయందును, రాత్రి భోజనమైన పిమ్మట ఇంటిల్లిపాదియు ఒక్కచోట గూర్చుండి అరగంటసేపు నవ్వుకొనుటకు వలయు ధారావాహిక హాస్యనాటికలను వ్రాయుచున్నవారమును, వ్రాయగోరువారమును, వ్రాసియు తెరమీద తమ పేరు చూచుకొన నోచనివారమును అగు మేము, మా వృత్తికి ధర్మము లెవ్వియో, ప్రేక్షకులకు మేము పడిన బాకీ యేమో, నిర్మాతలు మాకు పడిన బాకీ యేమో దాపరికము లేక చెప్పుకొనవలసిన సమయము వచ్చినదని తలచి, ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము. నవ్వించువాడు గంభీరముగ మాటలాడినచో ఎవ్వరును నమ్మరని యెరిగియు సాహసించుచున్నాము.

మా వంశము నిన్నమొన్నటిది కాదు. న్యాయస్థానముల చుట్టును అల్లుకొన్న మోసములను కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘వ్యవహార ధర్మబోధిని’యందు వాడుకమాటలతో బయటపెట్టిరి. 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడిన ‘కన్యాశుల్కము’తో గురజాడ అప్పారావుగారు గిరీశమును రంగ మెక్కించిరి. అటుపిమ్మట చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గణపతి, మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశము, మునిమాణిక్యము నరసింహారావుగారి కాంతము, ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు తెలుగిండ్లకు చుట్టములైరి. వీరందరికిని సమానమగు గుణ మొక్కటి కలదు: వీరిలో నెవ్వరిని ఏ క్రొత్త సందర్భమున నిలిపినను ఏమి చేయుదురో చదువరికి ముందే కొంత తెలియును, తెలిసియుండియు, వారు ఆ పని చేయగనే నవ్వు నాపుకొన జాలడు. ధారావాహిక హాస్యమునకు ఇంతకుమించిన రహస్యము లేదు. బుల్లితెర మన యింట అడుగుపెట్టుటకు ఎంతో ముందే, మునిమాణిక్యమువారు ఒక్క దంపతులను గైకొని వారి సంసారమును కథవెంట కథగా నడిపించి, ఆ రహస్యమును మనకు అప్పగించి పోయిరి.

బుల్లితెర వచ్చినపిమ్మటను ఆ సూత్రము మారలేదు. 1984లో దూరదర్శనమున ప్రసారమైన ‘యే జో హై జిందగీ’ని వ్రాసినవాడు హిందీ వ్యంగ్యరచనలో అప్పటికే పేరుగడించిన శరద్ జోషీ, తెరకు వ్రాయుట చిన్నతనమని ఆయన తలపలేదు. తెలుగున 2001 మొదలు 2007 వరకు జెమినీ టీవీలో నడచిన గుణ్ణం గంగరాజుగారి ‘అమృతం’ ధారావాహికలో, హోటలు పెట్టి చిక్కులలో పడు అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తరువాత ఒకరు ధరించిరి. నటులు మారిరి; అమృతరావు మారలేదు. నటుల నైపుణ్యమును తక్కువచేయుట మా యుద్దేశము గాదు; కాగితముమీద సరిగా పుట్టిన పాత్ర ఎన్ని ముఖములనైనను ధరింపగలదని మాత్రమే మా వాదము. హాస్యధారావాహికకు ఆస్తి పాత్రయే. ఆ యాస్తిని కూడబెట్టువాడు రచయిత. మా సూత్రము లన్నియు ఈ యొక్క మాటనుండియే పుట్టుచున్నవి.

1. నవ్వు స్వభావమునుండి పుట్టవలయును. ముందుగా జోకులు పోగుచేసి, పిదప వానిని పలుకుటకు మనుష్యులను వెదకు పద్ధతిని మేము విసర్జించుచున్నాము. ప్రతిపాత్రకును ఒక కోరికయు, ఆ కోరికకు అడ్డుపడు తన స్వంత దౌర్బల్యమును, ఆ రెండింటినుండియు పారిపోనీయని యొక యిల్లో, ఆఫీసో, హోటలో ఉండవలయును. ఎపిసోడు ముగియునప్పటికి చిక్కు వీడవచ్చును గాని స్వభావము మారరాదు. పిసినారి దాతయైనచో వచ్చేవారమునకు కథ యుండదు. ఎవరు పలికినను సరిపోవు పంచ్ డైలాగు ఎంత గొప్పదైనను దానిని కొట్టివేయుదుము.

2. మనుష్యుని దేహమును, కులమును, యాసను నవ్వునకు ముడిసరుకుగా వాడము. భరతముని హాస్యరసమునకు విభావములు చెప్పుచు వికృతవేషమును, ధార్ష్ట్యమును, లౌల్యమును, కుహకమును, అసత్ప్రలాపమును, వ్యంగదర్శనమును పేర్కొనెను. ఆ పట్టికలో ధార్ష్ట్యమును, లౌల్యమును, కుహకమును, అసత్ప్రలాపమును శిరసావహించి, అంగవైకల్యమును చూచి నవ్వుటను మునికి నమస్కరించి విడిచిపెట్టుచున్నాము. ‘కన్యాశుల్కము’నందలి గిరీశముయొక్క ధార్ష్ట్యమును, లుబ్ధావధానులయొక్క లౌల్యమును నూరేండ్లు దాటినను నవ్వించుచునే యున్నవి. ఏలయన అవి మనుష్యుడు తానై చేసికొన్నవి, తలచిన మానుకొనగలవి. పొట్టితనము, బట్టతల, నల్లనిరంగు, నత్తి అట్టివి గావు. తెలంగాణపు పలుకుబడిని రౌడీకిని, ఉత్తరాంధ్రపు పలుకుబడిని నౌకరుకును కట్టబెట్టి, కథానాయకునికి వేరొక భాష నిచ్చు ఆచారము మన తెరపై చిరకాలము సాగినది. మా నాటికలలో సిద్దిపేట మాటను కలెక్టరు పలుకును, శ్రీకాకుళపు మాటను డాక్టరు పలుకును. వారి యాసను విని గాక వారి తెలివితక్కువను చూచి ప్రేక్షకుడు నవ్వును.

3. నవ్వును అరువు తెచ్చుకొనము. 1951లో అమెరికాలో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని ప్రేక్షకులను ఎదుట కూర్చుండబెట్టి, పెక్కు కెమెరాలతో ఫిలిముపై చిత్రించిరి. ఆ దశాబ్దముననే చార్లెస్ డగ్లస్ అను శబ్ద ఇంజనీరు, ముందే భద్రపరచిన నవ్వులను మీట నొక్కి వినిపించు పెట్టె నొకదానిని తయారుచేసెను. మొదటిది పరీక్ష, రెండవది పరీక్ష వ్రాయకయే వేసికొన్న మార్కులు. కావున చిత్రీకరణకు ముందు నటులందరును కూర్చుండి స్క్రిప్టును బిగ్గరగా చదువవలెననియు, నవ్వు రాని చోటును డప్పుమోతతో కప్పిపుచ్చక తిరిగి రచయితకే అప్పగింపవలెననియు మా నియమము.

4. హాస్యమునకు కాలము కావలయును. జాన్ క్లీజ్, కొనీ బూత్ కలిసి వ్రాసిన ఆంగ్ల ధారావాహిక ‘ఫాల్టీ టవర్స్’ 1975లో ఆరు, 1979లో ఆరు, వెరసి 12 ఎపిసోడులు మాత్రమే. అయినను అర్ధశతాబ్దిగా దానిని లోకము మరవలేదు. ప్రకటనలు పోగా మిగులు 20–22 నిమిషములలో ఒక ప్రధానకథను, దానిని తాకుచు సాగు ఒక ఉపకథను ఇమిడ్చి, ఏడవ నిమిషమున సాధారణముగ విడిచిన మాట పదునెనిమిదవ నిమిషమున పాత్ర మెడకు చుట్టుకొనునట్లు కూర్చుట, ఉదయము సెట్టుమీద సంభాషణలు వ్రాసి మధ్యాహ్నము చిత్రీకరించువారికి సాధ్యము కాదు. ముందు ఒక్క పుటలో కథ, పిదప సీన్ల క్రమము, ఆ పిదపనే సంభాషణ, కనీసము రెండు తిరుగవ్రాతలు: ఈ క్రమమును మేము తప్పము, తప్పింపనీయము. మరి నిర్మాతకును మేము మాట యిచ్చుచున్నాము: రెండు మూడు సెట్లలో జరుగవలసిన కథను ఆరు ఊళ్లకు త్రిప్పము, ఖర్చు పెరిగినంతమాత్రమున నవ్వు పెరుగదని మాకును తెలియును.

5. సిట్టింగు సమానుల సభ కావలయును. కథా సిట్టింగులో మాట చెప్పినవా డెవ్వడని గాక ఆ మాట పాత్రకు తగునా యని మాత్రమే చూడవలయును. పెద్దరచయిత జోకునకు మర్యాదకై నవ్వుట శిష్యులకు నిషిద్ధము. ఆ గదిలో స్త్రీలుండుట అలంకారమునకు గాదు. పొత్తూరి విజయలక్ష్మిగారి ‘ప్రేమలేఖ’ నవలయే జంధ్యాలగారి ‘శ్రీవారికి ప్రేమలేఖ’ చిత్రమునకు ఆధారమైనదని యెరిగినవారు, ఆడువారికి హాస్యము పట్టుబడదను మాటను తిరిగి పలుకజాలరు. భార్య పాత్రకు గయ్యాళితనము తప్ప వేరు గుణము తోచని స్క్రిప్టును అసంపూర్ణమని త్రిప్పి పంపుదుము.

6. పేరు, వేతనము, హక్కు. ఒకరు వ్రాయగా వేరొకరి పేరు టైటిల్సులో పడు ఘోస్టు పద్ధతిని మేము చేయము, చేయింపము. 1957 నాటి కాపీరైటు శాసనము ప్రకారము, రచయిత సంతకముతో వ్రాతమూలకముగ జరుగని హక్కుల బదిలీ చెల్లదు. గడువు వ్రాయనిచో అది ఐదేండ్లతో ముగియును. హక్కులు అమ్ముకొన్నపిమ్మటను ఆ రచన తనదని చెప్పుకొను అధికారము రచయితకే యుండును. 2012 నాటి సవరణము, చలనచిత్రమందు చేరిన సాహిత్యరచన సినిమాహాలు వెలుపల ఉపయోగపడినపుడు వచ్చు రాయల్టీలో రచయితకుగల సమానభాగమును, వారసులకో కాపీరైటు సంఘమునకో తప్ప, వదలుకొనరాదని విధించినది. శాసన మింత స్పష్టముగ నుండగా, “ముందు వ్రాయుము, తరువాత చూతము” అను నోటిమాటపై పనికి పూనుకొనుట మర్యాద కాదు, అవివేకము. అడ్వాన్సు, వాయిదాలు, తిరుగవ్రాతల సంఖ్య, టైటిల్సులో పేరుండు చోటు: ఈ నాలుగును లేని కాగితముపై మేము చేవ్రాలు చేయము.

7. క్రొత్తవారికి దారి. చేతసంచితో సినిమావారి పేటయగు కృష్ణానగర్ చేరు ప్రతి యువకునికిని, యువతికిని మేము చెప్పునది యిది: అవకాశ మిమ్మని యడుగుటకు ముందు, మీరు ఇష్టపడు ధారావాహికకు ఒక ఎపిసోడును, మీ స్వంత పాత్రలతో వేరొకదానిని ఆసాంతము వ్రాసి చేతబట్టుకొని రండు, మెరుపు ఆలోచనలు అందరికిని వచ్చును, ఎపిసోడును ముగించువారు అరుదు. బస్సులోను, పెండ్లిలోను, బ్యాంకు వరుసలోను మనుష్యులు ఏమి కోరుచు ఏమి మాటలాడుదురో వినుడు. నవ్వు పండువరకు ఇంటిఅద్దె ఆగదు గనుక, పూట గడచుటకు వేరొక ఉద్యోగము చేయుట అవమానమని తలపకుడు. గురజాడవారు సంస్థానమున కొలువు చేయుచునే వ్రాసిరి. మా వంతుగా, శిష్యునిచేత వేతనము లేక పని చేయింపము. వాని సీను తెరకెక్కినచో వాని పేరును ఎక్కించుదుము. వాని స్క్రిప్టును త్రిప్పి యిచ్చునపుడు కారణమును వ్రాసి యిత్తుము.

8. యంత్రమును గూర్చి. 2023లో అమెరికా రచయితల సంఘము 148 దినములు సమ్మె చేసి, రచయితల గదిలో కనీసము ఎందరుండవలయునో నిర్ణయింపజేసికొని, కృత్రిమమేధ కూర్చినదానిని రచయితల సాహిత్యముగ పరిగణింపరాదనియు ఒప్పందము పొందినది. ఆ న్యాయమునే మేమును కోరుచున్నాము. యంత్రమునకు జోకుల నమూనాలు లక్షలు తెలిసియుండవచ్చును. మొదటి తారీఖున ఇంటియజమాని మెట్లెక్కు చప్పుడు విని గుటకలు మ్రింగుట దానికి అనుభవములో లేదు. యంత్రము వ్రాసిన చిత్తుప్రతిని “కొంచెము సరిచేసి యిమ్మని” తక్కువ వేతనమునకు మా చేతికిచ్చు పనిని అంగీకరింపము.

ఈ యెనిమిది సూత్రములకును బద్ధులమై, వీనిని మేమే మీరినచో మమ్ము నిలువదీయు హక్కును ప్రేక్షకులకు దత్తము చేయుచున్నాము. ప్రేక్షకుల తీర్పునకు అప్పీలు లేదు. నవ్వకున్నచో ఏ సూత్రమును మమ్ము రక్షింపదు. నిర్మాతలకు తుదిగా ఒక్క మనవి: కాలము, వేతనము, పేరు ఇచ్చి చూడుడు; నటులు మారినను చెడని పాత్రలను మేము మీకిత్తుము. ఇందుకు సమ్మతించువారితో రేపటినుండియే సిట్టింగునకు మేము సిద్ధము. సమ్మతింపనివారిని గూర్చి మంచి ఎపిసోడు నొకదానిని వ్రాసికొందుము.