పొడుపు కథ విప్పితే... మూలకం!

కరెంటు పోయిన రాత్రి మిద్దె మీద చేరితే ఒకప్పుడు పొడుపు కథలే కాలక్షేపం. అదే ఆట రసాయన శాస్త్రంతో ఆడితే? ఆవర్తన పట్టికలో 118 మూలకాలున్నాయి. పిల్లలు తొలి ఇరవై పేర్లనూ ఎక్కాల్లా వల్లె వేస్తారు. 'అందులో మనింట్లో ఉన్నవేవిరా?' అని అడిగితే మాత్రం తెల్లమొహమే! ఈ ఆదివారం పుస్తకం మూయించి, ఇవి విప్పమనండి.

'ఊరంతా నేనే, ఊపిరి నిండా నేనే. పీల్చినా ఉన్నదున్నట్టు బయటికొచ్చేస్తా. చెట్టు చుట్టూ ఉన్నా చెట్టుకు అందను. చెనక్కాయ వేరుకు మాత్రం చిక్కుతా!'

ఆక్సిజన్ అన్నారా? కాదు, నైట్రోజన్. గాలిలో 78 శాతం అదే. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చెనక్కాయ చేలకు కొదవేముంది? ఒక మొక్క పీకి చూపించండి. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో కాపురముండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నైట్రోజన్‌ని పట్టి మొక్కకు ఎరువుగా అందిస్తుంది. బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా కనిపించిందా... అది పనిలో ఉన్నట్టే! వరికి, చెరకుకు ఆ వేరు బుడిపెలు లేవు. అందుకే యూరియా బస్తాల మోత.

'సూర్యుడిలో ముందు కనిపించా, భూమ్మీద తర్వాత దొరికా. పేరూ సూర్యుడిదే. పైకెగురుతా గానీ అంటుకోను.'

ఇది హీలియం. దీని కథలో మన తెలుగు ఊరొకటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ పనిగట్టుకుని గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుగును రంగులుగా విడదీసి పరిశీలించాడు. అలాంటి వెలుగులో కనిపించిన ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని ఆ తర్వాత ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. అది భూమ్మీద దొరికింది మాత్రం 1895లో!

అన్నట్టు, జాతరలో ఎగిరే బుడగలన్నీ హీలియంవే అనుకునేరు. చౌకగా వస్తుందని కొందరు సిలిండర్‌లో కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు వేసి అక్కడికక్కడే హైడ్రోజన్ తయారుచేస్తారు. దానికి నిప్పురవ్వ చాలు, భగ్గుమంటుంది. ఒక్కోసారి సిలిండరే పేలిపోతుంది. గంగజాతరలో పిల్లాడు మారాం చేస్తే బుడగ కొనివ్వండి గానీ సిలిండర్ పక్కన నిలబెట్టకండి. ఇంటికి తెచ్చాక దీపం దగ్గరికి పోనివ్వకండి.

'తుప్పు పట్టను. ఒక్కడొస్తే లొంగను, ఇద్దరు కలిసొస్తే కరిగిపోతా. రాయిలో పుట్టి మెడలో చేరతా.'

చెప్పేదేముంది, బంగారం! ఆ ఇద్దరూ నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు. కుప్పం దగ్గరి చిగురుగుంటలో గని 2001లో మూతపడేదాకా ఇలాంటి రాళ్లనే తవ్వి తీశారు.

ఇక ఇది మీకే. 'తాంబూలంలో కాస్త, గోడకు బోలెడు. పాలల్లో దాక్కుంటా, పళ్లల్లో బిగుసుకుంటా. మంటలో పెడితే ఇటుక ఎరుపు చూపిస్తా.' ఎవరు నేను?

జవాబు వచ్చే ఆదివారం.