పాత కారు కొన్నాం సరే, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చాం?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఈమధ్య మన ఏజెన్సీ ఊళ్లలో పాత కార్లు కనబడుతున్నాయి. టీచర్ ఉద్యోగం వచ్చిన తమ్ముడో, నర్సుగా చేస్తున్న చెల్లో, కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బుతో ఓ అన్నో, కింద మైదానం నుంచి సెకండ్ హ్యాండ్ ఆల్టో తెచ్చుకుంటున్నారు. పదేళ్లు, పన్నెండేళ్లు తిరిగిన బండి. ఇంట్లో మొట్టమొదటి కారు. కొన్నది ఒక్కరే అయినా అది ఊరందరి బండి అయిపోతుంది. నెలలు నిండిన ఆడమనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, రాత్రిపూట పిల్లాడికి జ్వరం ఎక్కువైనా ఆ తలుపే కొడతారు.

బండి వచ్చాక ముందు సీటు కవర్లు వేయిస్తాం. తర్వాత పాటల సిస్టం, వెనక అద్దం మీద స్టిక్కరు. లోపలున్న ఆయిళ్లు ఎప్పుడు మార్చారని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అమ్మినోడు చెప్పడు, మనమూ అడగం.

నేను చెప్పదలచుకుంది ఒక్కటే. పాత కారు కొన్న ప్రతి ఒక్కరూ ఇంజన్ ఆయిల్, కూలెంట్ సొంతంగా మార్చడం, బ్రేక్ ఆయిల్ సంగతి పూర్తిగా తెలుసుకోవడం నేర్చుకోవాలి. నాలుగు డబ్బులు మిగలడం ఒక లాభమే. కానీ అసలు కారణం మన రోడ్లు. పాడేరు ఘాట్, అనంతగిరి ఘాట్, మారేడుమిల్లి ఘాట్ దిగేది మనం.

బ్రేక్ ఆయిల్‌తోనే మొదలుపెడతా. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. బండి కదలకుండా షెడ్డులో ఉన్నా పీల్చుకుంటూనే ఉంటుంది. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణం 140 డిగ్రీలకు దిగిపోతుంది. నిండా మనుషులతో ఘాట్ దిగుతూ మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కితే చక్రాల దగ్గర వేడి పెరుగుతుంది. పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్ నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ నేల దాకా దిగుతుంది, బండి ఆగదు. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని మనం వినే మాట వెనక కొన్నిసార్లు ఉండేది ఇదే. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి.

ఇది మార్చేటప్పుడు గొట్టాల్లోకి గాలి పోకూడదు. అందుకని మొదటిసారి తెలిసిన మేస్త్రి పక్కనుండి చేయించండి. చేతులు కట్టుకుని నిలబడకుండా పెడల్ మీరే తొక్కుతూ నేర్చుకోండి. డబ్బా మూత మీద ఏ రకం రాసుంటే అదే, సీలు తీయని కొత్త డబ్బాలోంచే పోయాలి. ఇంకో మాట. మట్టం తగ్గిందంటే పోసేసి ఊరుకోకూడదు. బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. కారణం పట్టుకోవాలి.

పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో ఘాట్ దిగేవాళ్లకు కూడా చెబుతున్నా. ఇంజన్ ఆగితే రెండు మూడు తొక్కులకే బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఎక్కిన గేరులోనే దిగండి.

ఇంజన్ ఆయిల్ మార్చడం అన్నిటికన్నా తేలిక. బండి ఐదు నిమిషాలు నడిపి ఆపాలి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే మురికితో సహా దిగుతుంది. చదును నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. కింద నట్టు విప్పి పళ్లెంలోకి దించాలి. ఫిల్టర్ కొత్తది వేసి, దాని రబ్బరు వాషర్‌కు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. కింది నట్టుకు కూడా కొత్త వాషర్ వేయాలి. ఆల్టో 800 లాంటి చిన్న బండికి మూడు లీటర్ల లోపే పడుతుంది. ఒక్కసారే పోసేయకుండా డిప్‌స్టిక్ చూస్తూ రెండు గీతల మధ్యకు తేవాలి. ఎక్కువైనా చేటే. ఎక్కువ తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి. దిగిన ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉందంటే లోపల నీళ్లు కలుస్తున్నట్టు. అది మన పని కాదు, బండిని నడపకుండా మేస్త్రిని పిలవాలి.

ఒక్క నియమం మాత్రం ప్రాణం పోయినా తప్పొద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరొద్దు. ఇటుకలు, బండరాళ్లు పేర్చి దూరొద్దు. ఇనుప స్టాండ్లు ఉంటేనే.

కూలెంట్ విషయంలో మన దగ్గర పెద్ద అలవాటుంది. ఘాట్ ఎక్కుతుంటే బండి వేడెక్కితే పక్క వాగులో నీళ్లు తెచ్చి పోయడం. ఆపదలో తప్పదు. కానీ దాన్నే ఏళ్ల తరబడి ఉంచితే ఉప్పులు పేరుకుని, తుప్పు పట్టి రేడియేటర్ పూడుకుపోతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ డబ్బా మీద చెప్పిన కొలతలో కలిపి పోయాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది.

పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, అది విషం. వాకిట్లో పారబోస్తే కుక్కలు, మేకలు నాకుతాయి. పాత ఇంజన్ ఆయిల్ వాగులో పోస్తే మన ఊట నీళ్లే పాడవుతాయి. రెండూ వేర్వేరు క్యాన్లలో పట్టుకెళ్లి, పాత ఆయిల్ డ్రమ్ముల్లో పోగుచేసే షెడ్డుకే ఇవ్వాలి. చేసే పని నేర్చుకుంటే ఆ పని తాలూకు చెత్త బాధ్యత కూడా మనదే.

"మేస్త్రి పొట్ట కొడతామా?" అని కొందరు అడుగుతారు. షెడ్డుల్లో పనిచేసేది కూడా మన కుర్రాళ్లే, నిజమే. కానీ గేర్‌బాక్స్, క్లచ్, ఇంజన్ పనులు వాళ్లవే, అవి ఎక్కడికీ పోవు. మనకు కొంచెం తెలిస్తే మంచి మేస్త్రికి గౌరవం పెరుగుతుంది. మార్చకుండానే మార్చామని బిల్లు రాసేవాడికి మాత్రమే ఇబ్బంది.

ఇంకో మాట ఎక్కువ బాధపెడుతుంది. "చదువుకున్నోడివి, కారు కింద దూరడమేంటిరా?" అంటారు. మన తాతలు నాగలి చేసుకున్నారు, గొడ్డలికి పిడి వేసుకున్నారు, ఇల్లు వాళ్లే కట్టుకున్నారు. చేతికి మసి అంటితే చదువు అబ్బలేదనే ఆలోచన మనకు హాస్టళ్లలో, పట్నాల్లో అంటుకుంది. మాన్యువల్ చదివి అర్థం చేసుకునే చదువు మనకుంది, పనిచేసే చేతులూ ఉన్నాయి. రెండూ కలిస్తే తప్పేముంది? చెల్లెళ్లకు కూడా ఇదే చెబుతున్నా. స్టీరింగ్ పట్టినవాళ్లు పానా కూడా పట్టాలి.

నా ప్రతిపాదన ఇది. ఊరికో, పంచాయతీకో నలుగురైదుగురు కలిసి చందా వేసుకుని ఒక పానాల సెట్టు, రెండు స్టాండ్లు, ఫిల్టర్ విప్పే పట్టీ, పళ్లెం, గరాటా కొనండి. ఒక ఆదివారం తెలిసిన మేస్త్రిని కూలి ఇచ్చి పిలవండి, అందరూ చూసి నేర్చుకోండి. ఏ తేదీన ఏం మార్చారో ఒక చిన్న పుస్తకంలో రాసి బండిలోనే పెట్టండి.

మీ బండిలో బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో కామెంట్‌లో రాయండి. తెలియదంటే, వచ్చే ఘాట్ దిగేలోపే మార్పించండి.