ఐదేళ్ల ముస్లింనని ఎవరి ముందు రుజువు చేసుకోవాలి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మైనారిటీ సంక్షేమ శాఖల మంత్రులకు,

అయ్యా, నేను కలిమా చదివి ఇస్లాంలోకి వచ్చిన తెలుగువాణ్ణి. ఆస్తిని వక్ఫ్ చేయదలచినవారు కనీసం ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్టు చూపాలంటోంది 2025 వక్ఫ్ సవరణ చట్టం. ఆచరణను తేల్చే పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వాలు నిబంధనలుగా రూపొందించేదాకా ఆ షరతును సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరు 15న నిలిపివేసింది. ఆ నిబంధనలు రాయవలసింది మీరే గనక ఈ ఉత్తరం.

కలిమాకు నిమిషం చాలు. అసలు పని ఆ తర్వాతే. వజూలో ముందు ఏది కడగాలో, రుకూ నుంచి లేచి ఏమనాలో పక్కవారిని చూసి నేర్చుకుంటాం. ఫాతిహా సూరాను తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పడతాం. చాలా మసీదుల్లో జుమా బయాన్ ఉర్దూలో సాగుతుంది, మాకు సగం కూడా అందదు. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చి తొంభై ఏళ్లు దాటినా ఈ వెలితి తీరలేదు. రంజాన్‌లో ఇంట్లోవాళ్లకు మెలకువ రాకుండా చీకట్లోనే సహర్ ముగించేవాళ్లున్నారు. చెల్లెలి సంబంధం చెడుతుందని ఏళ్లతరబడి బయటికి చెప్పనివాళ్లున్నారు. గది తలుపు వేసుకుని నమాజ్ చేసుకునే ఆడవాళ్లున్నారు, వాళ్లెవరో ఏ ఇమామ్‌కూ తెలియదు. టెన్త్ మెమోలో, ఆధార్‌లో ఇంకా పాత పేరే.

వీళ్ల ఐదేళ్లకు సాక్షి ఎవరు? తహసీల్దారా, పక్కింటివాళ్లా? నమాజులు తప్పినవాడి లెక్క ఎలా కడతారు? రోజా (ఉపవాసం) ఉండలేని షుగర్ రోగిని ఏమంటారు? షరతు అందరికీ ఒకటే అని మీరు అనవచ్చు. కానీ ముస్లిం ఇంట పుట్టినవారిని పేరు చూసే నమ్ముతారు, పాత పేరుతో వచ్చే మమ్మల్ని నిలదీస్తారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఇస్లాంలోకి వచ్చిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అంత నష్టానికి సిద్ధపడి వచ్చినవాణ్ణి కూడా నీ విశ్వాసం నిజమేనా అని అడుగుతారా?

అప్పులవాళ్ల నుంచి ఆస్తి దాచుకోవడానికి మతం మారేవాళ్లుంటారన్న అనుమానం ఉంది. దాన్ని నేను కొట్టిపారేయను. అలాంటప్పుడు ఈసీ తీయించండి, కోర్టు దావాలు చూడండి. తనఖాలో ఉన్న ఆస్తిని ఎవరూ వక్ఫ్ చేయకుండా ఆపండి. పరీక్షించవలసింది ఆస్తిని, విశ్వాసాన్ని కాదు. ఇస్లాంలోకి వచ్చిన యువతి హాదియా కేసులో 2018లో సుప్రీంకోర్టు మతాన్ని ఎంచుకోవడం మనిషి స్వేచ్ఛలో భాగమని చెప్పింది.

మాలో వక్ఫ్ చేయాలనుకునేవారు జమీందార్లు కారు. ఊళ్లో ఖబరస్థాన్ లేక, రేపు తన శవాన్ని ఎక్కడికి మోస్తారోనన్న దిగులుతో నాలుగు సెంట్లు ఇవ్వాలనుకునే మనిషికి వయసు మీద పడితే ఐదేళ్లు ఆగే వీలుంటుందా?

నిబంధనలు రాయక తప్పదనుకుంటే, ఎవరి మతానికి వారి ప్రమాణపత్రమే చాలనండి. కలిమా చదివిన రోజు ఏదో ఆ మనిషే చెప్పాలి, ఐదేళ్లు అక్కడి నుంచే లెక్కించాలి. పోలీసు విచారణ వద్దు, ఇంటికి నోటీసు వద్దు, పంచాయతీ గోడకు పేరు అంటించడం అసలే వద్దు. దాచుకుని బతుకుతున్న ఆడపిల్లకు అది ప్రాణాపాయం. ముసాయిదాను ముందు తెలుగులో ప్రచురించి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువివ్వండి. నిబంధనలు రాసే కమిటీలో కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవాళ్లను, అందులో ఒక స్త్రీనైనా, కూర్చోబెట్టండి.

ఇట్లు,
ఒక కొత్త ముస్లిం