జాబితాలో పేరులేని ప్రయాణికుడు

సంక్రాంతి పండుగకు హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు బోదలచినవాడు కార్తికమాసముననే ఆ ప్రయత్నమునకు గడంగవలెను. 2024 నవంబరునకు పూర్వము నాలుగు మాసములు ముందుగా టిక్కెట్టు కొనవచ్చెడిది. ఇప్పుడా గడువు 60 దినములకు తగ్గినది. ఉదయము ఎనిమిది గంటలకు అమ్మకము మొదలైన కొలది నిమిషములకే పండుగ బండ్లలో బెర్తులు నిండుచున్నవి. పిదప వచ్చినవానికి దక్కునది వెయిటింగు లిస్టు.

ఈ వెయిటింగు లిస్టు టిక్కెట్టు మిక్కిలి విచిత్రమైన పత్రము. పూర్తి చార్జీ ముందే పుచ్చుకొందురు గాని స్థానము నిత్తుమను వాగ్దానము మాత్రము చేయరు. చార్టు వేసిన వెనుకను బెర్తు కుదరనిచో, ఇంటర్నెట్టులో కొన్న టిక్కెట్టు తనంత తానే రద్దగును. గుమాస్తా రుసుము అను పేర కొంత సొమ్ము మినహాయించుకొని తక్కినది మరలింతురు. ఇయ్యని వస్తువునకు ఈ రుసుమేమి? ఏ షావుకారైన నిట్టి బేరము సాగించినచో కోర్టు మెట్లెక్కక తప్పదు.

అందును ఊరూరికి భేదము గలదు. బండి బయలుదేరు స్టేషనులో ఎక్కువారికి బెర్తులు మెండు. దారిలోని ఊళ్లకు స్వల్పమైన కోటా. కావున ఒకే బండికి ఒకేనాడు టిక్కెట్టు కొన్న ఇరువురిలో, మొదటి స్టేషనువానికి ఏబదవ సంఖ్య కుదురగా, మార్గమధ్యముననున్నవానికి పదవ సంఖ్యయు కుదరకపోవచ్చును. ఈ సంగతి కొనువారిలో పెక్కురెరుగరు. తత్కాల్ మాట చెప్పబనిలేదు. 2025లో ఆధార్ నిబంధన పెట్టి, అనుమానాస్పదమైన ఖాతాలను కోట్లకొలది తొలగించితిమని రైల్వేవారు చెప్పిరి. దళారుల బెడద కొంత తగ్గిన తగ్గియుండును. అంతమాత్రమున బెర్తులు పెరుగవు గదా!

బెర్తు దొరకనివానికి కడపటి దిక్కు జనరల్ పెట్టె. 1917 సెప్టెంబరులో గాంధీ మహాత్ముడు బొంబాయినుండి చెన్నపురికి మూడవ తరగతిలో ప్రయాణముచేసి, ఆ కష్టములను పత్రికలకు వ్రాసిరి. 22 మందికని నిర్ణయించిన పెట్టెలో రాయచూరు దాటిన పిదప ఒత్తిడి దుర్భరమైనదని తెలిపిరి. అనగా గుంతకల్లు, కడపల మీదుగా మన సీమలో సాగిన ప్రయాణమది! నాడు నిందించుటకు పరప్రభుత్వముండెను. స్వరాజ్యము వచ్చిన వెనుక 1974లో మూడవ తరగతి యను పేరు తీసివేసిరి. 1977లో మధు దండవతే రైల్వే మంత్రియై రెండవ తరగతి చెక్కబల్లలకు మెత్తలు వేయించిరి. ఆ మేలు మరువరానిది. జనరల్ పెట్టె తలుపువద్ద మాత్రము నేటికిని 1917వ సంవత్సరమే నడచుచున్నది.

ఇరుకు ఒక్కటియే యైనచో జనము ఎట్లో ఓర్చుకొందురు. 2023 జూన్ 2వ తేదీన ఒడిశాలోని బహనగా బజార్ స్టేషనువద్ద జరిగిన ఘోర ప్రమాదమున 290 మందికి పైగా మరణించిరి. అందు చిక్కిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ విశాఖ, రాజమహేంద్రవరము, విజయవాడల మీదుగా చెన్నపురికి బోవునది. రిజర్వేషను ప్రయాణికుల పేర్లు చార్టులో నుండుటచే అధికారులు ఆ పట్టికలు ముందుంచుకొని ఫోనులు చేసి వారి బాగోగులు విచారింపగలిగిరి. జనరల్ పెట్టెలలో నున్నవారెవరో చెప్పు కాగితము ఎవరియొద్దను లేదు. బంధువులు ఫోటోలు చేతబట్టుకొని ఆసుపత్రులవెంట తిరిగిరి. నాలుగు నెలలు గడచినను 28 శవములకు హక్కుదారులు తేలక, ఆ యక్టోబరులో భువనేశ్వరమున అధికారులే దహనము చేయించిరి. వారందరును జనరల్ పెట్టెలవారే యని మేమనము. కాని ఓటర్ల పట్టికలో పేరుగల మనుష్యుడు, సొమ్మిచ్చి టిక్కెట్టు కొని సర్కారు బండి యెక్కినంతనే పేరులేనివా డగుట యెట్టి పాలనయో మాకు బోధపడకున్నది.

దూరప్రయాణమునకు జనరల్ టిక్కెట్టు అమ్మునప్పుడు పేరు, ఊరు, ఇంటివారి ఫోను సంఖ్య వ్రాసికొనుట అసాధ్యమా? ఆ టిక్కెట్టుతో ఏ బండి యెక్కునో తెలియదని అధికారులు బదులు చెప్పుదురు. నిజమే. రెండువందల కిలోమీటర్లు మించిన ప్రయాణమునకైనను బండిపేరు అడిగి వ్రాయవచ్చును గదా. టిక్కెట్టు కిటికీవద్ద వరుస పెరుగునందురేని, మరికొన్ని కిటికీలు తెరువవలెను. ఎ.సి. లేని పెట్టెలు సుమారు 10,000 రెండేండ్లలో నిర్మింతుమని 2024లో ప్రకటించిరి, సంతోషము. వానిలో మన తీరపు బండ్లకు వచ్చినవెన్ని, వెయిటింగు లిస్టువారికి చార్జీ పూర్తిగ మరలించుటకు అడ్డమేమి, జనరల్ ప్రయాణికుని పేరు ఎన్నటినుండి వ్రాసికొందురు అని మన రెండు రాష్ట్రముల పార్లమెంటు సభ్యులు రాబోవు సమావేశమున ప్రశ్నింపవలెను. అడిగినవారి పేర్లను, మంత్రిగారి జవాబును ఈ పుటలోనే ప్రకటింతుము.