సంఘము మనది, సంతక మెవరిచేత నున్నది?

కృష్ణానదికి చెరియొకవైపున రెండు పాల సంస్థలు గలవు. విజయవాడవైపున కృష్ణాజిల్లా పాల యుత్పత్తిదారుల యూనియను 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ననుసరించినది. గుంటూరువైపున సహకార సంఘముగా బయలుదేరిన సంగం డెయిరీ నేడు ప్రొడ్యూసరు కంపెనీగా నున్నది. రెండింటను పాలు పోయువారు రైతులే. అట్లయినచో రెండు చట్టము లేల యని సభ్యు లడుగుట సహజము.

మన దేశమున 1904లో సహకార చట్టము వచ్చిననాడు సంఘమనగా నొక గ్రామము. సభ్యు లొకరి నొక రెఱిగినవారు. నేడు మన మిరపకాయ ఖమ్మము పోవుచున్నది, నూజివీడు మామిడి ఢిల్లీ పోవుచున్నది, బియ్యము ఓడ నెక్కుచున్నది. సరకు హద్దులు దాటినది గాని సంఘము దాటలేదు.

జగ్గయ్యపేటను, మధిరను జూడుడు. 2014 జూన్ 2వ తేదీకి ముందు రెండును ఒకే రాష్ట్రములోనివి. నేడు జగ్గయ్యపేట సంఘము మధిర రైతును జేర్చుకొనవలెనన్నచో రాష్ట్ర చట్టము చాలదు. 2002 నాటి బహుళరాష్ట్ర సహకార చట్టము క్రింద ఒక్కొక్క రాష్ట్రమునుండి ఏబదిమందికి తక్కువ కాకుండ చేరి, ఢిల్లీలోని కేంద్ర రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టవలెను. ప్రొడ్యూసరు కంపెనీకి పదిమంది రైతులు చాలుదురు. వా రే రాష్ట్రమువారైనను బాధలేదు.

వై. కె. అలఘ్ గారి సంఘము సూచనపై 2002లో కంపెనీల చట్టమున జేర్చబడిన యీ పద్ధతి మంచిదే. వాటా లెన్ని యున్నను మనిషి కొక్క ఓటు. వాటాలు బయటి షాహుకారు చేతికి పోవు. 2020 ఫిబ్రవరినుండి స్పైస్ ప్లస్ అను ఒక్క దరఖాస్తుతో పేరు, రిజిస్ట్రేషను, పాన్ నంబరు ఇంటినుండియే పొందవచ్చును. కచేరీలచుట్టు తిరుగు బాధ తగ్గినది. ఇంతవరకు మెచ్చుకొనవలసినదే.

కాని పుట్టుట సులభమైనంతమాత్రమున బ్రదుకుట సులభము గాదు. ఏటేట లెక్కల ఫారమును, వార్షిక ఫారమును దాఖలు చేయవలెను. గడువు దాటినచో ఫారమునకు దినమునకు 100 రూపాయలు. రెండును ఏడాది ఆలస్యమైన 73,000 రూపాయలు! వరుసగా మూడేండ్లు లెక్కలు దాఖలు చేయనిచో డైరెక్టర్లు అయిదేండ్లు అనర్హు లగుదురు. దండనల విషయమున ప్రొడ్యూసరు కంపెనీకి సగము తగ్గింపు గలదు. ఈ దినసరి రుసుమునకు మాత్రము లేదు. కోట్ల వ్యాపారికిని, ధాన్యము తూచు పదిమంది రైతులకును ఒకే రేటు.

లెక్క చెప్పని సంఘము చెడునని, కావున కాఠిన్యము వలయునని కొంద రందురు. నిజమే; లెక్క చెప్పక మునిగిన సంఘములను మనమే చూచితిమి. కాని ఇంగ్లీషు ఫారము చదువలేక వెనుకబడినవాడును, లెక్క దాచినవాడును ఒకటి గాదు.

అంతకంటె పెద్ద చిక్కు డిజిటల్ సంతకము. నే నెఱిగిన యొక సంఘమున అధ్యక్షుని సంతకపు పరికరము, దాని రహస్యపదము రెండును లెక్కలు వ్రాయువాని బల్ల సొరుగులో నుండెడివి. ఫీజు తగవు వచ్చి అతడు దానిని మూడు నెలలు తిరిగి యీయలేదు. సంఘము పనులన్నియు నాగిపోయెను. వేలిముద్ర వేయుటకైన రైతు స్వయముగా పోవలెను; ఈ సంతకము రైతు లేకయే పోవును. అదియే దీని సుఖము, దీని ప్రమాదమును.

కావున ప్రభుత్వమును మనము కోరవలసినవి మూడు: ఫారములు తెలుగున నుండవలెను, ఆలస్యపు రుసుము సంస్థ రాబడినిబట్టి యుండవలెను, సరిహద్దు మండలముల రైతులను జేర్చుకొనుటకు రెండు రాష్ట్రములును తమ సహకార చట్టములలో నవకాశ మీయవలెను.

మనము చేయవలసిన వింకను ముఖ్యములు. సంతకపు పరికరమును అధ్యక్షుడు తనయొద్దనే యుంచుకొనవలెను. గ్రామమున చదివిన పిల్ల నొకతెను గాని, పిల్లవాని నొకనిని గాని ఈ పని నేర్చుకొన బంపవలెను. దాఖలు చేసిన ప్రతి కాగితమును సర్వసభ్య సమావేశమున తెలుగున జదివి వినిపింపవలెను. చట్టము మారువరకు వేచియుండనక్కరలేని పను లివి. వచ్చు సమావేశమందే మొదలిడుడు.