హంతకుని బొమ్మకు రంగు

పాత ఫొటోకు రంగు వేసేవాడు సాధారణంగా ముఖంతో మొదలుపెడతాడు. చర్మానికి పలుచని పూత, చెక్కిళ్ళ దగ్గర కాస్త ఎరుపు, పెదవులకు అంతకన్న ఒక పిసరు ఎక్కువ, కనుపాపలకు నీలమో గోధుమ వన్నెయో. దుస్తులూ, గోడలూ, ఆకాశమూ తరువాతి సంగతి. ముఖంలో ప్రాణం కనిపించేదాకా అతనికి తృప్తి ఉండదు. ఒకప్పుడు కుంచెతో, నీటిరంగులతో గంటల తరబడి సాగిన ఈ పని ఇప్పుడు కంప్యూటరు మీద క్షణాలలో ముగుస్తున్నది. పని సులువైనకొద్దీ బొమ్మల ఎంపికలో జంకు తగ్గింది. మహాత్ములకూ, సినిమా నటులకూ రంగులు వేసిన చేతులే హిట్లరుకూ, గోబెల్సుకూ, హిమ్లరుకూ వేస్తున్నాయి.

లక్షలాది మందిని చంపించినవాని చెక్కిలికి ఎరుపు అద్దేటప్పుడు అసలు జరుగుతున్నదేమిటి?

ఫొటోకు రంగు వేయటం మన దేశానికి కొత్త విద్య కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే రాజాస్థానాల చిత్రకారులు ఫొటోల మీద కుంచె నడిపారు. ఆ తరువాత ఊరూరా స్టూడియోలు వెలిశాయి. గతించిన పెద్దల చిన్న ఫొటోను తీసుకువెళ్ళి, గోడకు తగిలించేటంత పెద్దది చేయించుకునేవారు. టచింగ్ చేసే ఆయన, “అమ్మగారి చీర ఏ రంగండీ?” అని అడిగేవాడు. ఇంట్లో ఎవరో ఒకరికి గుర్తుండేది. గుర్తులేకపోతే ఆయనే నిండుగా కనిపించే రంగు ఏదో వేసేవాడు. తప్పు పట్టేవారు లేరు. ప్రేమకొద్దీ చేయించుకున్న పని అది, దానికి సాక్షులు ఇంట్లోవారే.

దుష్టునికి రంగులద్దటమూ మనకు వింత కాదు. తోలుబొమ్మలాటలో రావణుడు ఎన్ని రంగులతో తెర మీద నిలిచినా, అందువల్ల అతని మహిమ పెరిగిందని ఎవరూ అనుకోలేదు. 1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో రంగుల్లోకి మార్చినప్పుడు, శకుని కట్టిన పంచె నిజంగా ఏ రంగుదని సాక్ష్యం అడిగినవారు లేరు. తోలుబొమ్మ సాక్ష్యం కాదు, సినిమా కాదు. ఫొటో సాక్ష్యం. చిక్కంతా అక్కడే ఉన్నది.

రంగు వేయటాన్ని సమర్థించేవారి వాదం తీసిపారేయదగినది కాదు. నలుపు-తెలుపు బొమ్మను చూసే నేటి విద్యార్థికి ఆ కాలం వేరొక లోకంలా తోస్తుంది. ఆ లోకంలోని దుర్మార్గం కూడా అక్కడిదే, మనది కాదనిపిస్తుంది. రంగు పడగానే ఆ హంతకుడు మన వీధి చివర ఎదురుపడే మనిషిలా మారిపోతాడు. ఘోరాలు చేసినవారు కొమ్ములున్న రాక్షసులు కారని, భోజనం చేసి, కుక్కలను పెంచి, పిల్లలను ముద్దాడిన మనుషులేనని తెలిసిరావటం అవసరమే. దీనికి ఎదుటి పక్షంవారు, అటువంటి దగ్గరితనం జాలికీ, జాలి మెల్లగా మెప్పుకూ దారితీస్తుందని బదులు చెబుతారు. చిత్రమేమిటంటే, ఇరు పక్షాలవారి వాదాల అడుగునా ఒకే నమ్మకం ఉన్నది: రంగు పడితే బొమ్మ నిజానికి దగ్గరవుతుందని. ముందుగా పరీక్షించవలసింది ఆ నమ్మకాన్నే.

నలుపు-తెలుపు ఫొటోలో రంగు ఎక్కడా దాగి ఉండదు. ఎక్కడ ఎంత వెలుగు పడిందన్న లెక్క మాత్రమే ఉంటుంది. ఒక ఎరుపూ ఒక ఆకుపచ్చా అందులో ఒకే బూడిద వన్నెగా పడవచ్చు. తొలినాటి ఫిల్ములకైతే ఎరుపు కనిపించేదే కాదు: ఎర్రగుడ్డ నల్లగా, నీలాకాశం తెల్లగా, నీలికళ్ళు దాదాపు రంగులేనివిగా వచ్చేవి. కాబట్టి రంగు వేసేవాడు ఆధారాలు వెదకాలి, దొరకనిచోట ఊహించాలి. కంప్యూటరు చేసేదీ ఊహే. లెక్కలేనన్ని రంగు ఫొటోలను చూసి నేర్చుకున్న ఊహ.

మరి ఆధారాలు ఎవరికి దొరుకుతాయి? 1919 ఏప్రిల్ 13న అమృతసర్ జలియన్‌వాలా బాగ్‌లో 1,650 తూటాలు కాల్పించిన డయ్యరు ఫొటోను తీసుకుందాం. అతని యూనిఫారం ఏ వన్నెదో, ఛాతీ మీది పతకాల రిబ్బనులో ఏ చార పక్కన ఏ చార ఉంటుందో సైనిక రికార్డులను బట్టి పొల్లుపోకుండా చెప్పవచ్చు. ఆ సాయంకాలం బాగ్‌లో కూలినవారిలో, ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క ప్రకారమే 379 మందిలో, ఎవరి తలపాగా ఏ రంగుదో ఏ రికార్డు చెబుతుంది? ఛాయాగ్రాహకుడు నారాయణ్ విర్కార్ అక్కడ తీసిన ఫొటోలలో గోడల మీద తూటాల గుంటలు కనిపిస్తాయి. వాటికి వేయటానికి రంగేమున్నది? ఇటుక, సున్నం, నీడ. అధికారం తన రంగులను తానే రాసి భద్రపరచుకుంటుంది. అందుచేత ఎంత నిజాయితీగా రంగు వేసినా, చంపినవాని బొమ్మే చక్కగా, నమ్మదగినదిగా తయారవుతుంది.

దీనికన్న పెద్ద చిక్కు మరొకటున్నది. హిట్లరు ఫొటోలలో మనకు బాగా తెలిసినవి చాలావరకు అతని సొంత ఛాయాగ్రాహకుడు హైన్రిక్ హోఫ్‌మన్ తీసినవి. 1927లో హిట్లరు తన ఉపన్యాసపు రికార్డు వింటూ, చేతులు ఎలా ఎత్తాలో, ముఖం ఎలా బిగించాలో సాధన చేస్తూ హోఫ్‌మన్ చేత ఫొటోలు తీయించుకున్నాడు. తరువాత వాటి నెగెటివులను నాశనం చేయమన్నాడు. హోఫ్‌మన్ చేయలేదు కనుక అవి మిగిలాయి. కళ్ళద్దాలు పెట్టుకున్న ఫొటోలను ప్రజల కంట పడనిచ్చేవాడు కాడు. అంటే ప్రపంచం చూసిన హిట్లరు, హిట్లరు ఏరి ఇచ్చిన హిట్లరే. అతనికి రంగు ఫొటోల కొరత కూడా ఉండేది కాదు. హ్యూగో యేగర్ అనే మరొక ఛాయాగ్రాహకుడు సుమారు 2,000 రంగు చిత్రాలు తీసి, 1945లో వాటిని గాజు సీసాలలో పెట్టి మ్యూనిక్ పొలిమేరలో పాతిపెట్టాడు. 1965లో వాటిని అమెరికాలోని ‘లైఫ్’ పత్రికకు అమ్మాడు. ఎర్రని పతాకాలు, ఎండ పడిన వరండాలు, పూలగుత్తులు అందించే పిల్లలు: రంగు ఆ పాలకులకు ఇష్టమైన సాధనం. నేడు హోఫ్‌మన్ ఫొటోకు రంగు వేసేవాడు చరిత్రకు కొత్తగా ఏమీ చేర్చటం లేదు. హోఫ్‌మన్ సగంలో ఆపిన పనిని పూర్తి చేస్తున్నాడు, అది కూడా ఉచితంగా. ఆ కళ్ళ నీలంలోని ఆకర్షణను గురించి ఆనాటి భక్తులు ఎంతో రాశారు. ఆ నీలాన్ని ఒక్క పిసరు పెంచిన కళాకారుడు తెలియకుండానే ఆ భక్తుల సాక్ష్యం కింద సంతకం పెడుతున్నాడు.

కనుక ‘ఈ మనిషికి రంగు వేయవచ్చునా’ అని అడగటం కన్న, ‘ఈ ఫొటో ఎవరి కోసం తీశారు, రంగు ఎవరి కోరికను తీరుస్తున్నది’ అని అడగటం మేలు. 2007లో వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియం ఒక ఆల్బంను ప్రపంచం ముందు పెట్టింది. అది ఆష్విట్జ్ శిబిరాధిపతి దగ్గర సహాయాధికారిగా పనిచేసిన కార్ల్ హోకర్‌ది. అందులో 116 ఫొటోలు. 1944 జూలైలో శిబిర ఉద్యోగినులు కొందరు కొయ్యకంచె మీద వరుసగా కూర్చుని బ్లూబెర్రీ పండ్లు తింటున్నారు, వెనుక అకార్డియన్ మోగుతున్నది; గిన్నెలు ఖాళీ కాగానే ఒక అమ్మాయి ఏడ్చినట్లు నటిస్తున్నది. అదే వేసవిలో హంగరీ నుంచి నాలుగు లక్షలమందికి పైగా యూదులను అదే శిబిరానికి తరలించారు. ఆ విహారపు ఫొటోలకు రంగు వేస్తే అడవి పచ్చగా, పండ్లు నీలంగా, బుగ్గలు గులాబీ వన్నెలో ఎంతో చూడముచ్చటగా ఉంటాయి. హోకర్ కోరుకున్నదీ అదే కదా.

బాధితుల ఫొటోల సంగతి వేరు. అవి కూడా చాలావరకు హంతకుల ఆజ్ఞతో తీసినవే. ఆష్విట్జ్‌లో పోలండు ఖైదీ విల్‌హెల్మ్ బ్రాసె చేత అధికారులు వేలకొద్దీ గుర్తింపు ఫొటోలు తీయించారు. వాటిలో చెస్వావా క్వోకా అనే పద్నాలుగేళ్ళ పోలిష్ బాలిక ఫొటో ఒకటి. భాష తెలియక ఆజ్ఞ అర్థంకాని ఆ పిల్లను ఒక స్త్రీ కర్రతో ముఖం మీద కొట్టిందని, ఫొటోకు ముందు పిల్ల కన్నీళ్ళూ, పెదవి మీది నెత్తురూ తుడుచుకున్నదని బ్రాసె తరువాత చెప్పాడు. 1943 మార్చి 12న ఆమెను చంపేశారు. 2018లో బ్రెజిల్ కళాకారిణి మరీనా అమరల్ ఈ ఫొటోకు రంగు వేసింది. ఆష్విట్జ్ మ్యూజియం ఆమె పనికి సహకరించింది. రంగు పడేసరికి పెదవి మీది గాయమూ, చొక్కా మీది రాజకీయ ఖైదీల ఎర్ర త్రికోణమూ కంటికి తగిలాయి. ఆ ఫొటో తీయించినవారికి కావలసింది 26947 అనే నంబరు మాత్రమే. నంబరు వెనుక పిల్ల ఉన్నదని రంగు చూపించింది, తీయించినవారి ఉద్దేశానికి అడ్డం తిరిగింది. హోఫ్‌మన్ ఫొటోకు వేసిన రంగు ఆ పని చేయలేదు, చేయలేదు కూడా ఎన్నటికీ.

అయితే బాధితుల విషయంలోనూ చేయి హద్దు దాటవచ్చు. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలకులు 14,000 మందికి పైగా నిర్బంధించి, దాదాపు అందరినీ చంపించిన టువోల్ స్లెంగ్ జైలులో ఖైదీలకు రాగానే ఫొటోలు తీసేవారు. 2021 ఏప్రిల్‌లో ఐర్లండు కళాకారుడొకరు రంగు వేసిన అటువంటి ఫొటోలను ఒక పత్రిక ప్రచురించింది. కొన్నింటిలో ఆయన రంగుతో ఆగలేదు. ముఖాలకు చిరునవ్వులు కూడా చేర్చాడు. మృతుల బంధువులూ, కంబోడియా సాంస్కృతిక మంత్రిత్వశాఖా తీవ్రంగా అభ్యంతరం చెప్పగా పత్రిక ఆ వ్యాసాన్ని తొలగించింది. చిరునవ్వు చేర్చటం దారుణమని అందరూ ఒప్పుకుంటారు. కాని చెక్కిలి ఎరుపుకూ పెదవి వంపుకూ మధ్య ఉన్నది ఒక్క అడుగే. రెండూ ఊహించి గీసినవే. ఆ జైలులో మరొక చిక్కు కూడా ఉన్నది. అక్కడ చనిపోయిన ఖైదీలలో చాలామంది ఆ పాలకుల పార్టీవారే, నిన్నటిదాకా ఇతరులను పట్టించినవారే. ఒకే వరుసలోని ముఖాలలో ఎవరు బాధితులు, ఎవరు హంతకులు అని రంగుల పెట్టె విడదీయలేదు.

నిషేధాలు ఇక్కడ పనిచేయవు. కోరవలసింది స్వల్పమే. రంగు వేసిన బొమ్మ మీదనే ఆ సంగతి చెరగకుండా రాయాలి. అసలు ఫొటో పక్కనే ఉండాలి. ఎవరు తీశారో, ఎవరు తీయించారో చెప్పాలి. 2009 నాటి ఫ్రెంచి ధారావాహిక ‘అపొకాలిప్స్’ నిర్మాతలు రెండవ ప్రపంచయుద్ధపు చిత్రాలకు విరివిగా రంగు వేయించి కూడా, యూదుల సంహార దృశ్యాలను నలుపు-తెలుపులోనే వదిలారు. మిగిలిన రంగులు సరైనవేనా అన్న తగవు ఎలా ఉన్నా, ఎక్కడో ఒకచోట చేయి ఆగాలని వారికి తోచింది.

రంగు నిజాన్ని పెంచుతుందనేవారు ఒకసారి చూడవలసిన ఫొటోలు మరికొన్ని ఉన్నాయి. 1987లో వియన్నాలో దాదాపు 400 స్లైడులు బయటపడ్డాయి. పైన అద్దిన రంగు కాదు, అవి రంగు ఫిల్ము మీదనే తీసినవి. తీసిన చోటు పోలండులోని లోడ్జ్ నగరపు ఘెట్టో. 1940లో ముళ్ళతీగల వెనుక సుమారు 1,60,000 మంది యూదులను బంధించిన వాడ అది. నలభై వేలమందికి పైగా అక్కడే ఆకలితో, జబ్బులతో మరణించారు. మిగిలినవారిలో అత్యధికులను మృత్యుశిబిరాలకు పంపారు. స్లైడులు తీసినవాడు సైనికుడు కాడు. ఘెట్టోను నడిపిన జర్మన్ కార్యాలయంలో ప్రధాన గణకుడు, వాల్టర్ గెనెవైన్. లెక్కలు రాసినంత శ్రద్ధగా అతడు కార్ఖానాలను, కార్మికులను, పేర్చిన సరుకులను ఫొటోలు తీశాడు. ఫలితం మాత్రం అతనికి నచ్చలేదు. స్లైడులకు ఎర్రటి గోధుమ ఛాయ వస్తున్నదని ఆగ్ఫా కంపెనీకి ఫిర్యాదు రాశాడు. మనుషులు ఆకలికి కూలుతున్న వీధుల్లో అతని కంటికి ఆనిన లోపం అది.

1998లో పోలిష్ దర్శకుడు దారియుష్ యబ్వోన్‌స్కీ ఈ స్లైడుల ఆధారంగా ‘ఫొటోగ్రాఫర్’ అనే చిత్రం తీశాడు. ఘెట్టోలో వైద్యుడుగా పనిచేసి ప్రాణాలతో బయటపడిన ఆర్నల్డ్ మొస్తోవిచ్ అందులో మాట్లాడతాడు. దర్శకుడు వర్తమానాన్ని నలుపు-తెలుపులో చూపించి, గణకుని గతాన్ని రంగులలోనే ఉంచాడు. చూస్తున్నకొద్దీ ఆ రంగుల మీద నమ్మకం సడలిపోతుంది.

అదే ఘెట్టోలో మరొక కెమెరా ఉండేది. గుర్తింపు కార్డుల ఫొటోలు తీయటానికి నియమితుడైన హెన్రిక్ రాస్ అనే యూదుడు, పట్టుబడితే చావు తప్పదని తెలిసీ, ఆకలినీ శవాలనూ రైళ్ళకు తరలించటాన్నీ రహస్యంగా నలుపు-తెలుపు ఫిల్ము మీద తీశాడు. 1944లో నెగెటివులను భూమిలో పాతిపెట్టాడు. యేగర్ కూడా పాతిపెట్టినవాడే. అతనివి గాజు సీసాలలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. రాస్ 1945 మార్చిలో తవ్వి తీసేసరికి నీరు చేరి దాదాపు సగం పాడైపోయాయి. మిగిలినవాటిలో కొన్ని 1961లో ఐక్‌మన్ విచారణలో సాక్ష్యంగా నిలిచాయి. వాటిని ఈనాటికీ రంగు వేయకుండా, చెమ్మ తిన్న అంచులతో, ముఖాల మీదికి పాకిన మరకలతోనే ప్రదర్శిస్తున్నారు.